పోటీకి భంగం గారికి, కాలవ గట్టు నుంచి

అయ్యా, పోటీకి భంగం గారూ,

నమస్కారమండి. జనం సొమ్ముతో నడిచే టీవీ సంస్థ కొత్తగా ఏది పెట్టబోయినా 'ప్రైవేటు వాళ్ళ పోటీకి భంగం' అంటూ అడ్డుపడే అభ్యంతరం మీరే కదా, అందుకే మీకే రాస్తున్నాను. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, కాలవ గట్టు మీదే ఇల్లు. మా నాన్నగారు కాలవ లస్కరుగా చేసి రిటైరయ్యారు. షట్టర్ ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు దించాలో ఆయనకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదనుకునేవాణ్ని. మీ సంగతి విన్నాక ఆ నమ్మకం పోయింది.

జర్మనీలో మీరు చేసిన పని చెబితే ఆయనే మీకు దండం పెట్టారు. అక్కడ జనం రుసుము కట్టి ఏఆర్‌డీ, జెడ్‌డీఎఫ్ అనే ప్రజా ప్రసార సంస్థల్ని పోషిస్తారు. ఆ డబ్బుతో తీసిన కార్యక్రమాల్ని నెట్‌లో ఊరికే ఉంచేస్తే ప్రైవేటు చానళ్ళకీ పత్రికలకీ దెబ్బ అన్నారు మీరు. దాంతో 2009లో నిబంధన వచ్చింది. చాలా కార్యక్రమాలు ప్రసారమయ్యాక ఏడు రోజులే నెట్‌లో ఉండాలి. పెద్ద ఆటల పోటీలైతే ఒక్క రోజే. తర్వాత తీసి పారేయాలి. ఇలా తీసేయడానికి వాళ్ళ భాషలో ఒక మాటే స్థిరపడింది, మనం అనాలంటే 'అప్రచురించడం'. 2019లో సడలించారు లెండి.

మా కాలవలూ కట్టేస్తారండి, దాళ్వా, అంటే రెండో పంట, అయ్యాక, వేసవిలో పూడిక తీయడానికి. నీళ్ళు చాలని ఏడు వంతులవారీ పెడతారు. అంతేగానీ నీళ్ళ టిన్నులు అమ్ముకునేవాడి బేరం పడిపోతోందని ధవళేశ్వరం దగ్గర నీళ్ళు ఆపిన ఇంజనీరు మాకు తగల్లేదు. 1852లో ఆనకట్ట పూర్తయ్యేనాటికి మీరు ఈ దిక్కు రాకపోవడం మా అదృష్టం. వచ్చుంటే కావిళ్ళతో నీళ్ళు మోసేవాళ్ళ తరఫున అర్జీ పడేసి కాటన్ దొరని ఇంటికి పంపేవారు.

బ్రిటన్ సంగతి వేరు, న్యాయం చెప్పుకోవాలి. బీబీసీ వాణిజ్య విభాగం, ఐటీవీ, చానల్ 4 కలిసి 'కంగారూ' పేరుతో ఒక వీడియో సేవ పెట్టబోతే, 2009 ఫిబ్రవరిలో వ్యాపారాల్లో పోటీ దెబ్బతినకుండా చూసే అక్కడి కాంపిటీషన్ కమిషన్ వద్దంది. బ్రిటిష్ కార్యక్రమాల్లో పెద్ద వాటా ఆ ముగ్గురిదే. అంబాజీపేటలో ముగ్గురు పెద్ద కొబ్బరి వర్తకులు ఒకే కొట్టు తెరిస్తే మాకూ టెన్షనే. కానీ బరి ఖాళీ చేయించి మీరు పడుకున్నారు. 2012 జనవరిలో అమెరికా నుంచి నెట్‌ఫ్లిక్స్ వచ్చి దిగింది. జర్మనీలో ప్రజా సంస్థలు తలపెట్టిన 'జర్మనీస్ గోల్డ్' 2013లో పోటీ అధికారుల అభ్యంతరాలతో ఆగింది. మరుసటేడు సెప్టెంబరులో అక్కడా నెట్‌ఫ్లిక్సే. ఊరి పుంజుల్ని తూకం కుదరలేదని వెనక్కి పంపేసి, పొరుగూరి డేగపుంజు వచ్చినప్పుడు తక్కెడ దాచేస్తే, భీమవరం బరిలో కత్తులు కట్టేవాడు కూడా అడుగుతాడండి, నువ్వెవరి మనిషివి అని.

ఇక మన క్రికెట్. దేశానికి ముఖ్యమైన మ్యాచ్‌ల సిగ్నల్‌ని, హక్కులు కొన్న చానల్, దూరదర్శన్‌ని నడిపే ప్రసార భారతికి ఇవ్వాలని 2007లో చట్టం వచ్చింది. ఆ సిగ్నల్ దూరదర్శన్ సొంత టవర్ల మీదా, దాని ఉచిత డిష్ సేవ ఫ్రీ డిష్‌లోనూ వెళ్ళొచ్చుగానీ కేబుల్లోకి పోకూడదని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. కోట్లు పోసి కొన్నవాడి గోడు వాడిది, తప్పనను. మా గోడు కూడా వినండి మరి. మాది స్పోర్ట్స్ చానళ్ళు లేని కేబుల్ ప్యాక్. నెలనెలా డబ్బు కడతాం, మ్యాచ్ రాదు. ఎదురింటి పెంకుటింటి మీద ఫ్రీ డిష్. నెలకి పైసా కట్టరు, వస్తుంది. ఇండియా ఆడే రోజు నాన్నగారు మడత కుర్చీ చంకన పెట్టుకుని అక్కడికి వెళ్ళిపోతారు.

అసలు ఈ ఉత్తరం ఎందుకంటే, 2024 నవంబర్ 14న మన దేశంలో రిలయన్స్, డిస్నీల టీవీ, ఓటీటీ వ్యాపారాలు కలిసిపోయాయి. మన కాంపిటీషన్ కమిషన్ కొన్ని సవరణలతో ఒప్పుకుంది. సరిగ్గా ఆరు రోజులకి గోవా చిత్రోత్సవంలో ప్రసార భారతి 'వేవ్స్' అని సొంత ఓటీటీ మొదలుపెట్టింది. తెలుగు ఉంది, పాత దూరదర్శన్ సరుకుంది, ఆటలున్నాయి, సామాన్లు కూడా కొనుక్కోవచ్చట. సర్కారు సొమ్ముతో ఇంత పెద్ద దుకాణం తెరిస్తే మీ అలికిడే లేదేంటండి? బీబీసీ తన నెట్ వీడియో సేవ ఐప్లేయర్లో కార్యక్రమాల్ని 30 రోజుల బదులు ఏడాది ఉంచుకుంటానంటేనే 2019లో అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ చేత పరీక్ష పెట్టించారే! మా దూరదర్శన్‌ని చూసి ఇక్కడ ఎవరికీ భయం వేయదనా? ఇంత అవమానం మాకు తగునా?

దయచేసి ఒక్క అభ్యంతరం పడేయండి. పేపర్లో వస్తే అలాంటి యాప్ ఒకటుందని మా వీధికైనా తెలుస్తుంది. విచారణకి స్వయంగా వస్తే మరీ మంచిది. ఇండియా మ్యాచ్ ఉన్న రోజు చూసుకుని రండి. ఎదురింటి వాళ్ళని అడిగి ఇంకో కుర్చీ వేయిస్తాను. ఆయ్.

ఇట్లు,
లస్కరు గారబ్బాయి