గీతల రోడ్డు, గాలి కబుర్లు

"గీతల రోడ్డెక్కగానే మీ స్టీరింగ్ కొట్టుకుంటోందా? ప్రాణాలతో చెలగాటం!" అని ఒక వాట్సాప్ మెసేజ్ తిరుగుతోంది. మా బావ పంపాడు, కావలి ఫ్రెండ్ పంపాడు, అపార్ట్‌మెంట్ గ్రూపులో అయితే రోజూ ఎవరో ఒకరు పెడుతున్నారు. అందులో ఉన్నది ఇదీ: గీతల మీద కారు పక్కకు లాగితే స్టీరింగ్ రాక్ (స్టీరింగ్ తిప్పుడును చక్రాలకు అందించే భాగం) పోయినట్టే. స్టీరింగ్ వణుకుకి అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయిస్తే చాలు. ఎండాకాలం టైర్లలో గాలి 24 పీఎస్ఐకి (గాలి ఒత్తిడి కొలత) తగ్గిస్తే గీతలు పట్టవు, టైరూ పేలదు. నైట్రోజన్ కొట్టిస్తే ఏ సమస్యా రాదు. బైకుల వాళ్లు జాగ్రత్త.

ముందు రాక్ సంగతి. హైవే మీద కొత్త తారు వేసే ముందు పాత పొరను మిషన్‌తో గీకుతారు. ఆ గాట్లు బండి పోయే దిశలోనే పడతాయి. గీతల రోడ్డంటే అదే. టైరు చుట్టూ ఉండే నిలువు గీతల అంచులు ఆ గాట్లను పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకుంటుంటే స్టీరింగ్ చిన్నగా కొట్టుకుంటుంది. వెడల్పు టైర్లకు ఇంకాస్త ఎక్కువ. చీమకుర్తి గ్రానైట్ లారీలు తొక్కీ తొక్కీ పల్లం చేసిన చోటా ఇదే వరస. నున్నటి తారు రాగానే ఆగిపోయిందా? రాక్ జోలికి పోకండి. నున్నటి రోడ్డు మీద కూడా ఒక పక్కకే లాగుతుంటే, స్టీరింగ్‌లో లూజు తెలుస్తుంటే, అప్పుడు టై రాడ్ ఎండ్లు (రాక్‌కీ చక్రానికీ మధ్య ఉండే కీళ్లు), లోయర్ ఆర్మ్ బుష్‌లు (చక్రాన్ని పట్టి ఉంచే చేతికుండే రబ్బరు ముక్కలు) చూపించండి. రాక్ వంతు ఆ తర్వాతే.

వణుకు వేరే కథ. 80 దాటాక మొదలై 100 దగ్గర చేతులకు బాగా తెలుస్తుంటే ముందు అనుమానించాల్సింది వీల్ బ్యాలెన్సింగ్‌ని, అంటే చక్రం చుట్టూ బరువు సమంగా ఉందా లేదా అన్నదాన్ని. అలైన్‌మెంట్ మిషన్ మీద రోజంతా నిలబెట్టినా అది పోదు. రిమ్ము చూడండి: అతికించిన చిన్న బరువు బిళ్ల ఊడిపోయి జిగురు మచ్చ మాత్రం మిగిలి ఉండొచ్చు. వానల్లో పొలం దారిన తిరిగిన కారయితే రిమ్ము లోపలివైపు బంకమట్టి ఎండి గట్టిపడి ఉంటుంది. కడిగితే పైసా ఖర్చు లేకుండా వణుకు పోవచ్చు. బ్రేకు తొక్కినప్పుడే వణికితే డిస్కులు చూపించండి. అలైన్‌మెంట్ తేడాకు గుర్తు వేరు. టైరు మీద అరచేత్తో అడ్డంగా నిమిరితే పోయేటప్పుడు నున్నగా, వచ్చేటప్పుడు రంపం పళ్లలా తగులుతుంది.

ఇక గాలి 24. ఏంది సామీ ఇది? రోహిణి కార్తెలో ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని, డిక్కీ నిండా సామాను పెట్టుకుని ఒంగోలు నుంచి నెల్లూరుకు వంద మీద పోయే మనిషికి చెప్పే మాటేనా? గాలి తక్కువైన టైరు పక్క గోడ ప్రతి చుట్టుకూ ఎక్కువ మడతపడుతుంది. ఆ మడతలకే వేడి పుడుతుంది. వేడి ముదిరితే లోపలి పొరలు రబ్బరును వదిలేస్తాయి. పేలేది అప్పుడు. "ఎండకు గాలి వ్యాకోచించి పేలుతుంది" అని మెసేజ్‌లో సైన్సు పాఠం కూడా ఉంది. వ్యాకోచిస్తుంది, కాదనను. టైరు వేడి 10 డిగ్రీలు పెరిగితే పెరిగే గాలి 2 పీఎస్ఐ కూడా నిండదు. కంపెనీ వాళ్లు అది లెక్కలోకి తీసుకున్నాకే, గాలి ఎంత ఉండాలో రాసిన స్టిక్కరు డ్రైవర్ డోరు దగ్గర అతికించారు. ఆ అంకె టైరు చల్లగా ఉన్నప్పటిది. ఫుల్ లోడుకు చాలా కార్లలో దాని పక్కనే ఇంకో అంకె ఉంటుంది. అది ఎక్కువే బావా, తక్కువ కాదు. హైవే మీంచి దిగి, కాలుతున్న టైరులో 37 చూసి గాలి వదిలేసే మహానుభావులు కూడా ఆ అంకె చల్లటి టైరుదన్న ముక్క వినాలి.

ఒకటి ఒప్పుకోవాలి. పంచరు షాపులో అడక్కుండా 40 కొట్టేసిన కారుకు గాలి తగ్గిస్తే స్టీరింగ్ కొంత నెమ్మదిస్తుంది. స్టిక్కరు దాకా తగ్గించండి, అక్కడ ఆగండి.

నైట్రోజనా? మామూలు గాలిలో 78 శాతం అదే. కొట్టించుకోండి, డబ్బులు మీవి.

బైకుల మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. సన్న టైరు గాటులో పడితే హ్యాండిల్ మన మాట వినదు. గీకిన రోడ్డు రాకముందే స్పీడు తగ్గించాలి. గాట్ల మీద గట్టి బ్రేకు వేయకూడదు, హ్యాండిల్ విదిలించకూడదు. మెసేజ్ రాసినాయన బైకు మీద తిరిగే మనిషై ఉంటాడు. కారు గురించి మాత్రం ఏ మెకానిక్‌నీ అడిగినట్టు లేదు.