ఓబీ గుట్టల మీద కానుగ, చండ్ర కూడా పెట్టండి

సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల పక్కన పోసిన ఓబీ (ఓవర్‌బర్డెన్, అంటే బొగ్గు కోసం తవ్వి తీసిన పై రాయి, మట్టి) గుట్టల మీద మొక్కలు నాటడం గురించి మీరు రాసింది చదివాను. సంతోషం. కానీ ఎన్ని నాటారన్న లెక్క కంటే ఏవి నాటారన్నది నాకు ముఖ్యం. నీలగిరి త్వరగా పెరుగుతుంది, దూరం నుంచి పచ్చగా కనిపిస్తుంది. దాని కింద మాత్రం గడ్డి సరిగా మొలవదు, మేకకు మేత ఉండదు.

ఆ గుట్టల్లో ఉన్నది లోతులోంచి తీసిన రాయి, మట్టి. అందులో సారం ఉండదు, ఎండకు పెనంలా కాలిపోతుంది. అలాంటి చోట ముందు కానుగ, చండ్ర పెట్టాలి. వీటి వేర్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తాయి. రాలిన ఆకు కుళ్లి కాస్త మట్టి తయారయ్యాక ఇప్ప, తునికి, నల్లమద్ది, నేరేడు వేయొచ్చు. ఇప్పపువ్వు, తునికాకు ఏరుకుని బతికే కోయ, గోండు కుటుంబాలకు ఇవి ఉత్త చెట్లు కావు కదా!

ఇంకొకటి. గని తవ్వేటప్పుడు పైమట్టిని విడిగా తీసి, ఎక్కువ కాలం కుప్పగా ఉంచకుండా గుట్టపై పరవాలి. ఏళ్ల తరబడి కుప్పలో ఉంటే అందులోని విత్తనాలు చచ్చిపోతాయి. నాటిన తర్వాత కనీసం రెండు మూడు వేసవులు నీళ్లు, పశువుల నుంచి కాపలా ఉండాలి. దయచేసి ఆ ఖర్చు కూడా ముందే లెక్కలో పెట్టండి.