రూమ్మేట్ ఫోన్ చేస్తాడా, చేయడా?

శుక్రవారం అర్ధరాత్రి దాటింది. అమెరికాలో ఓ కాలేజీ డార్మ్‌లో, అంటే హాస్టల్లో, పంతొమ్మిదేళ్ల కుర్రాడు తాగి నేల మీద పడిపోయాడు. పిలిస్తే పలకడు, ఊపిరి ఆగి ఆగి వస్తోంది. రూమ్మేట్ చేతిలో ఫోన్ ఉంది. కానీ అత్యవసర నంబర్ 911కి చేస్తే పోలీసులూ రావచ్చు, గదిలో సీసాలు బయటపడతాయి, రేపు ఇద్దరి మీదా కేసు. 'నిద్రపోతే అదే దిగిపోతుందిలే' అనుకుని దుప్పటి కప్పుతాడా, కాల్ చేస్తాడా? కాలేజీ మద్యం నిబంధనలు పనిచేస్తున్నాయో లేదో నా లెక్కలో ఇక్కడే తేలుతుంది.

నిబంధనలకైతే కొదవ లేదు. తాగే వయసు 21 చేయని రాష్ట్రాలకు హైవే నిధులు కోస్తామని 1984లో ఫెడరల్ చట్టం వచ్చింది. 1988 కల్లా అన్ని రాష్ట్రాలూ దారికొచ్చాయి. 1989 నాటి మరో చట్టం ప్రకారం ఫెడరల్ నిధులు తీసుకునే ప్రతి కాలేజీ తన మద్యం విధానాన్ని ఏటా విద్యార్థుల చేతికివ్వాలి, రెండేళ్లకోసారి సమీక్షించుకోవాలి. క్యాంపస్ నేరాల వివరాలు బయటపెట్టమనే క్లెరీ చట్టం కింద మద్యం కేసుల లెక్కలూ ఏటా ప్రకటించాలి. ఈ లెక్కలతో ఒక తిరకాసు ఉంది. గట్టిగా పట్టుకునే కాలేజీలో కేసులు ఎక్కువ కనిపిస్తాయి, కళ్లు మూసుకునే కాలేజీ బుద్ధిమంతురాలిలా కనిపిస్తుంది. పైగా ఊరికే తాగి తూలినవాళ్లు, తాగి బండి నడిపినవాళ్లు ఆ లెక్కలోకే రారు.

కాగితం మీది నిబంధనను కారిడార్‌లో అమలు చేయాల్సింది ఎవరు? ఆర్‌ఏ, అంటే రెసిడెంట్ అసిస్టెంట్. తనూ విద్యార్థే, అంతస్తులో అందరికంటే ఒకటి రెండేళ్లు పెద్ద. చాలాచోట్ల ఉచిత గది కోసమే ఆ పని ఒప్పుకుంటాడు. పగలు క్లాసులో పక్కన కూర్చునే వాడి మీద రాత్రి రిపోర్టు రాయాలి. రాస్తే ఆ ఏడాదంతా అతనితో ఎవరూ మాట్లాడరు. రాయకపోతే, ఏదైనా జరిగిన రోజు అందరి వేళ్లూ అతని వైపే. అందుకే చాలామంది చప్పుడు వచ్చిన తలుపే తడతారు, నిశ్శబ్దంగా తాగే గది దాటిపోతారు. ఒకడికి శిక్ష, ఇంకొకడికి అదృష్టం. ఇలా లాటరీలా నడిచే నిబంధనంటే కుర్రాళ్లకు భయమూ ఉండదు, గౌరవమూ ఉండదు.

డార్ట్‌మత్ కాలేజీ 2015లో క్యాంపస్‌లో విస్కీ, వోడ్కా లాంటి ఘాటైన మద్యాన్ని పూర్తిగా నిషేధించింది. స్టాన్‌ఫర్డ్ 2016లో డిగ్రీ విద్యార్థుల డార్మ్‌లలో అలాంటి మద్యానికి 750 మిల్లీలీటర్లు, ఆపై సీసాలు ఉండకూడదంది. సీసా సైజు మీద రూలేంటని నవ్వొచ్చు గానీ, ఒక పెద్ద సీసా పదిమందికి గబగబా పంచడం తేలిక. పార్టీకి ముందే గదిలో దించేసే 'ప్రీగేమింగ్' నడిచేది దానిమీదే.

క్యాంపస్‌లో బిగిస్తే తాగుడు బయటికి పోతుందన్నది పాత వాదన. కాలిఫోర్నియాలో 14 ప్రభుత్వ యూనివర్సిటీల్లో జరిపి 2010లో ప్రచురించిన అధ్యయనం దీనికి అడ్డొస్తుంది. సగం క్యాంపస్‌ల చుట్టూ, క్లాసులు మొదలైన తొలి వారాల్లోనే, పార్టీ గస్తీలు, దుకాణాల తనిఖీలు, తాగి నడిపేవారి కోసం చెక్‌పాయింట్లు పెట్టి, ఆ సంగతి ముందే అందరికీ చాటారు. బయటి పార్టీల్లో, బార్లలో మత్తెక్కేదాకా తాగడం తగ్గింది. అది మరో చోటికి మళ్లిన ఆనవాలూ దొరకలేదు. శిక్ష ఎంత పెద్దదన్నది కాదు, పట్టుబడటం ఖాయమన్నదే పనిచేసింది.

ఇక ఆ ఫోన్ కాల్. కార్నెల్ యూనివర్సిటీ 2002లో మెడికల్ అమ్నెస్టీ పెట్టింది: సాయం కోసం పిలిచినవాడికీ, పడిపోయినవాడికీ క్రమశిక్షణ చర్య ఉండదు. ఆ తర్వాత కాల్స్ పెరిగాయి. చికిత్స పొందినవారిలో తర్వాత కౌన్సెలింగ్‌కు వెళ్లినవాళ్లూ పెరిగారు. ఇది తాగడానికి లైసెన్స్ ఇచ్చినట్టేనని కొందరి సణుగుడు. అంబులెన్స్ ఎక్కడం సరదాగా ఉంటుందని ఎవరు తాగుతారు?

అయితే కాలేజీ ఇచ్చే మినహాయింపు పోలీసులను కట్టేయదు, దానికి రాష్ట్ర చట్టం కావాలి. వీసా అధికారులనైతే అసలే కట్టేయదు. తాగి డ్రైవ్ చేస్తూ అరెస్టయితే, నేరం రుజువు కాకముందే వీసా రద్దు కావచ్చు. ఆ భయంతోనే మన పిల్లలు కొందరు 911 అంటేనే వెనకాడతారు. తాగి స్టీరింగ్ పట్టుకోవడం వేరు, పడిపోయిన స్నేహితుడి కోసం ఫోన్ చేయడం వేరు. ఓరియెంటేషన్‌లో రూల్ పుస్తకం చేతిలో పెట్టేసే బదులు, ఈ తేడాను ఎవరైనా పది నిమిషాలు నిలబడి చెప్పవచ్చు.