రింక్ డబ్బు క్యారమ్‌కి మార్చే ముందు

మన తెలుగు సంఘం సంక్రాంతి సంబరాల్లో ముగ్గుల పోటీ బహుమతులు ఇచ్చాక మైకులో వినపడిన మాట మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. "ఈ ఐస్ స్కేటింగ్ మన ఒంటికి పడేది కాదులెండి, వచ్చే ఏడు రింక్ బుకింగ్ మానేసి ఆ డబ్బుతో క్యారమ్ టోర్నమెంట్ ఘనంగా పెడదాం" అన్నారు మన పెద్దల్లో ఒకరు. హాలంతా నవ్వింది, చప్పట్లు కూడా పడ్డాయి. నా పక్కన కూర్చున్న మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. పదేళ్ల పిల్ల, ఇక్కడే కెనడాలోని బ్రాంప్టన్‌లో పుట్టింది, ఊళ్లో పిల్లల ఐస్ హాకీ హౌస్ లీగ్‌లో డిఫెన్స్ ఆడుతుంది. "మరి నేనో?" అంది. ఆ మాటతో నాకు ఒళ్లు మండిపోయింది, అందుకే ఇది రాస్తున్నాను.

క్యారమ్ మీద నాకేం కోపం లేదు, మా బేస్‌మెంట్‌లోనూ బోర్డుంది. కానీ అంతకు ముందు ఆదివారం ఫ్యామిలీ స్కేటింగ్‌లో, రింక్ గోడ పట్టుకుని ఏడుస్తున్న పిల్లలకు వరసగా లేసులు బిగించినవాళ్లలో నేనూ ఉన్నాను. ఒక బాబు స్కేట్‌లో మడమ వెనక నా రెండు వేళ్లు సులువుగా దూరాయి. లోపల ఉన్ని సాక్సులు రెండు జతలు. లేచి నిలబడగానే చీలమండలు రెండూ లోపలికి వంగిపోయాయి, ఇక ముందుకు జారేదెక్కడ? మడమ కదిలిపోయే బూటులో ఎవరి పిల్లాడైనా పడతాడండీ, అందులో మన ఒళ్లు, వాళ్ల ఒళ్లు అని తేడా లేదు. రాబిన్ బావా అనే పంజాబీ కుర్రాడు 1989లోనే ఎన్‌హెచ్‌ఎల్‌లో, అంటే ఇక్కడి పెద్ద ప్రొఫెషనల్ ఐస్ హాకీ లీగ్‌లో, ఆడాడు. మన పక్కింటివాళ్లు 2008లోనే హాకీ కామెంటరీ పంజాబీలో వినడం మొదలుపెట్టారు. మనం మాత్రం ఒంటికి పడదని తేల్చేసుకుని కూర్చున్నాం.

అసలు తంటా మన అలవాటుతో. పెరిగే పిల్లలు కదా, ఏదైనా ఒక సైజు పెద్దది కొనాలి. మా అమ్మ నా పరికిణీ అంచు లోపల మడతలు కుట్టించి ఏటా ఒకటి విప్పేది, విప్పినచోట బట్ట కొత్తరంగుతో గీతలా కనిపించేది. బడి తెరిచే రోజుల్లో బూట్లు కొంటే ముందర దూది కుక్కాల్సిందే. ఆ పొదుపుతోనే మా ముగ్గురి చదువులూ సాగాయి, దాన్ని వెక్కిరించే నోరు నాకు లేదు. కానీ స్కేట్ దగ్గర ఆ లెక్క కుదరదు.

మా అమ్మాయికి కొనేటప్పుడు మా ఆయన అదే అన్నారు. షాపులో కుర్రాడు నవ్వి ఊరుకున్నాడు, పెద్ద సైజు మాత్రం తీయలేదు. స్కేట్ సైజు మామూలు బూటు సైజు కన్నా ఒకటో ఒకటిన్నరో తక్కువే ఉంటుందట. నిటారుగా నిలబడితే వేళ్లు బూటు ముందు కొనకు తగిలీ తగలనట్టు ఉండాలి, మోకాళ్లు వంచితే మడమ వెనక్కి సర్దుకుని వేళ్లకు చోటు రావాలి. మా పిల్లకు అరికాలి వంపు తక్కువ, అందుకని విడిగా అమ్మే ఇన్‌సోల్ (బూటు లోపల అరికాలి కింద వేసే అట్ట) ఒకటి తీసుకున్నాం. స్కేట్‌తో వచ్చిన పల్చటి ఇన్‌సోల్‌ను దాని మీద పెట్టి, చుట్టూ గీత గీసి, వేళ్ల వైపు కత్తిరించాడు. కొత్తది మందం, పాదాన్ని కాస్త పైకి లేపుతుంది, కాబట్టి అది లోపల పెట్టాకే మళ్లీ తొడిగి చూశాడు. లేసు కంతల మీద అడ్డంగా పెన్సిల్ పెట్టాడు. పెన్సిల్ పాదానికి తగిలితే ఆ బూటు లోతు చాలనట్టే, అప్పుడు బూటును కాలి ఆకారానికి మలచడానికి ఎంత వేడిచేసినా లాభం లేదన్నాడు.

తర్వాత ఇన్‌సోల్ బయటికి తీసి, స్కేట్లను ప్రత్యేకమైన ఓవెన్‌లో దాదాపు 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొద్ది నిమిషాలు ఉంచాడు. బయటికి తీసేసరికి గట్టి బూటు మెత్తబడింది. కొత్త ఇన్‌సోల్ పెట్టి, పల్చటి సాక్స్‌తో కాలు దూర్చి, మడమను నేలకేసి చిన్నగా తట్టించి, లేసుల్ని పైకి లాగకుండా పక్కలకు లాగుతూ కట్టాడు. పైకి లాగితే వేడి మీద కంతలు ఊడొస్తాయట. పావుగంట కుర్చీలో కదలకుండా కూర్చోమన్నాడు. మా పిల్ల పావుగంట కదలకుండా ఉండటం నేను మళ్లీ చూడలేదు. లేచి నిలబడనివ్వలేదు, ఆ రోజంతా ఐస్ మీదకు వెళ్లొద్దన్నాడు. తర్వాతి ప్రాక్టీసుకి చీలమండ లోపలి ఎముక మీద పాత బొబ్బ ఆరిపోయింది, మా పిల్ల సణుగుడూ ఆగింది.

ఇందులో ఖర్చు లేదని నేననను. పిల్లల కాళ్లు ఒక్క సీజన్‌లో పెరిగిపోతాయి. మరీ చవక స్కేట్లు వేడిచేసి మలచే రకం కాదు, పాతవి తెచ్చుకుంటే అవి ముందే ఇంకొకరి కాలికి అలవాటుపడి ఉంటాయి, మాటిమాటికీ వేడిచేస్తే జిగురు పాడవుతుంది. ఇంట్లో ఓవెన్‌లో పెట్టే ఆలోచన ఉంటే మాత్రం దయచేసి మానుకోండి, దాని వేడి ఒక్కచోట నిలవదు. ఇదంతా వేలు ఖర్చుపెట్టే ఆట అనేవాళ్ల మాటలోనూ నిజముంది. అయినా కొన్నచోట వేడిచేసి ఇవ్వడం చాలా షాపుల్లో ఉచితమే. ఇన్‌సోల్‌ని, పాదానికి సరిపోయినంతకాలం, తీసి తర్వాత కొన్న స్కేట్‌లోకి మార్చుకోవచ్చు. ఒకళ్ల పిల్లకు చిన్నదైన జత ఇంకొకళ్ల పిల్లాడికి సరిగ్గా సరిపోతుంది. ఆ జతలన్నీ ఇప్పుడు మన గరాజుల్లో బూజు పట్టి ఉన్నాయి.

అందుకని ఉగాదికి ముందు జరిగే కార్యవర్గ సమావేశంలో నా మాట కాస్త వినండి. రింక్ బుకింగ్ తీసేయకండి. దానికి వారం ముందు ఒక శనివారం హాల్లో పాత స్కేట్లు సైజులవారీగా పరుద్దాం, ప్రతి పిల్లకూ వేళ్లు, మడమ చూసి ఇద్దాం, వేడిచేయించాల్సినవి ఒకేసారి షాపుకి పట్టుకెళదాం. గరాజుల్లో ఉన్నవి నాకు ఇచ్చేయండి, తుడిచి సర్దే పని నాది. ఆ రోజు క్యారమ్ కమిటీవాళ్లూ వస్తే సంతోషం, లేసులు కట్టడానికి చేతులు చాలవు.