మొసలి దగ్గర సిఫారసు చెల్లదు

హ్యూస్టన్ తెలుగువారంటే టెక్సాస్ రాష్ట్రానికి ఎంత చిన్నచూపో ఊరికి దగ్గర్లోని బ్రాజోస్ బెండ్ స్టేట్ పార్కుకి వెళితే తెలుస్తుంది. సుమారు 5,000 ఎకరాల అడవి, ఒక పక్క బ్రాజోస్ నది, చెరువుల్లో చేపలు, గట్టు మీంచి గాలం వేయడానికి లైసెన్సు కూడా అక్కర్లేదు. ఇన్ని ఇచ్చి, కాపలాకి మాత్రం ఎలిగేటర్లను, అంటే అమెరికా మొసళ్ళను పెట్టారు. ‘మనవాడే, కాస్త చూడండి’ అన్న మాట చెవిన వేసుకోని అధికారిని ఇక్కడే చూస్తాం.

ఎలిగేటర్‌కీ మనకీ మధ్య 30 అడుగుల దూరం ఉండాలని నిబంధన. మనవాళ్ళ కొలత వేరు: సెల్ఫీలో పళ్ళు లెక్కకి రావాలి. అది బుస కొట్టిందంటే భయపడిందని కాదు, మర్యాదగా వెనక్కి పొమ్మని. జూన్‌లో గుడ్లు పెట్టిన తల్లయితే బుసతో ఆగదు. పులిహోర ముద్ద విసరడం భూతదయ కిందికి రాదు, 500 డాలర్ల దాకా జరిమానా కిందికి వస్తుంది. తిండి మరిగిన ఎలిగేటర్‌కి మనిషంటే బెరుకు పోతుంది, చివరికి దాని ప్రాణం మీదికే వస్తుంది.

ఇక చేపల వేట. క్యాట్‌ఫిష్ మన జెల్లకి చుట్టమే. కోడి లివరు ఊరికే గుచ్చి విసిరితే లివరొక దిక్కు, గాలమొక దిక్కు. కుట్టుదారంతో నాలుగు చుట్లు చుట్టాలి. సీసపు గుండు గాలానికి జానెడు పైన ఉండాలి. చిక్కిన చేపకి వీపు మీద ఒకటి, పక్కల రెండు ముళ్ళుంటాయి, వాటి వెనకగా పట్టుకోండి. లార్జ్‌మౌత్ బాస్ అనే చేపని ఇంటికి తెచ్చుకోవాలంటే మామూలుగా కనీసం 14 అంగుళాలుండాలి. నోరు మూసి, తోక కొసలు దగ్గరికి నొక్కి కొలవాలి. సాగదీస్తే పెరగడానికి అదేం తిరునాళ్ళలో జీళ్ళపాకం కాదు.

పట్టిన చేపల్ని తాడుకి గుచ్చి నీళ్ళలో వేలాడదీయడం ఎలిగేటర్‌కి ఆకు వేసి వడ్డించడమే. ఐస్ పెట్టెలో వేయండి. గాలానికున్న చేపని అది అందుకుంటే దారం కోసేయండి, లాగుడు పోటీ వద్దు. గజేంద్రుడంతటివాడే వెయ్యేళ్ళు పెనుగులాడి మొరపెట్టుకున్నాడు. మనకి సోమవారం పొద్దున మీటింగుంది.

నడక తేలికే. ఎల్మ్ చెరువు చుట్టూ 1.7 మైళ్ళు, చదునైన బాట. భక్తులకే కొంచెం గండం: బాట పక్కన మూడాకుల మొక్క ముచ్చటగా కనిపిస్తుంది. అది మారేడు కాదు, పాయిజన్ ఐవీ. చూపుకి బిల్వదళం, తాకితే దూలగొండి. దాని నూనె అంటిన వెంటనే సబ్బుతో కడగకపోతే, ఒకటి రెండు రోజులకి పొక్కులు లేస్తాయి. బూట్ల తాళ్ళకీ కుక్క బొచ్చుకీ అంటిన నూనె కూడా అంతే పని చేస్తుంది.

ఐస్ పెట్టె ఖాళీగా మిగిలితే, దారిలో ఇండియన్ స్టోరులో శీలావతి దొరుకుతుంది. ఫోటోకి ముందు ధర చీటీ పీకేయండి. శీలావతి బ్రాజోస్‌లో పుట్టదని అడిగేవాళ్ళు వాట్సాప్ గ్రూపులో ఒకరైనా ఉంటారు, వాళ్ళని ఆ పూటకి భోజనానికి పిలవండి.