సవరణ: పన్నెండు తీగల గిటారు, ట్రస్ రాడ్

అనంతపురంలో కొన్న పాత పన్నెండు తీగల గిటారును బాగుచేయించిన తీరు గురించి గతంలో రాసినప్పుడు, ట్రస్ రాడ్ (మెడ లోపల ఉండే లోహపు కడ్డీ) బిగించాక, మెడకు మరీ ఎత్తుగా ఉన్న తీగలు కిందికి దిగాయని చెప్పాను. తీగలు ఎత్తుగా ఉన్న ప్రతి పాత గిటారుకూ అదే మందని కొందరు పాఠకులు భావించారు కనుక వివరణ అవసరమైంది.

ట్రస్ రాడ్ మెడలోని వంపును మాత్రమే సరిచేస్తుంది. మెడ పెట్టెతో కలిసే కోణాన్ని అది మార్చజాలదు. నా గిటారులో ఉన్నది వంపు ఒక్కటే. అయితే ఆరు తీగల గిటారు మీద సుమారు 70 కిలోల లాగుడు ఉంటే, పన్నెండు తీగలదాని మీద అది సాధారణంగా 100 కిలోలు దాటుతుంది. ఏళ్ల తరబడి ఆ ఒత్తిడిని భరించిన వాయిద్యంలో బ్రిడ్జి (పైపలక మీద తీగలను పట్టి ఉంచే చెక్క) వెనుక పైపలక ఉబ్బుతుంది, మెడ ముందుకు వాలుతుంది. కాబట్టి కొనేముందు, మెడ తిన్నగా ఉన్న స్థితిలో, ఫ్రెట్ల (మెడ మీది అడ్డ లోహపు పట్టీల) మీదుగా పొడవాటి స్కేలు ఆనించి చూడండి. దాని కొస బ్రిడ్జి చెక్క పైఅంచుకు చేరితే కోణం బాగున్నట్టే. అంతకన్నా బాగా కిందికి తగిలితే మాత్రం, మెడను ఆవిరితో ఊడదీసి తిరిగి అమర్చగలిగిన పనివాడు కావాలి. అలాంటి మెడలో రాడ్‌ను బలవంతంగా తిప్పితే మర తెగిపోవచ్చు.

బాగుచేయించాక కూడా లాగుడు తగ్గేలా శ్రుతిని ఒక పూర్తి స్వరం దించి, రెండో ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ ఒకేచోట నొక్కిపట్టే బిగింపు) పెట్టి వాయించుకోవడమే మంచిదని నా అభిప్రాయం. మన సీమ ఎండల్లో చెక్క కుంచించుకుపోయి ఫ్రెట్ల కొసలు చేతికి గీసుకుంటాయి కనుక, గిటారును భద్రపరిచే పెట్టెలో తేమ 45–50 శాతం ఉండేలా చూసుకోవాలి.