సవరణ: పాట్ ఫెర్ష్‌వైలర్ శిక్షక ప్రస్థానం

వెస్టర్న్ మిషిగన్ విశ్వవిద్యాలయ ఐస్ హాకీ జట్టు 2025 విజయంపై రాసిన వ్యాసంలో, ప్రధాన శిక్షకుడు పాట్ ఫెర్ష్‌వైలర్ మైనర్ లీగ్ (దిగువ స్థాయి వృత్తి లీగ్) ఆట ముగించి నేరుగా ఆ పదవిలోకి వచ్చినట్లు పడిన వాక్యాన్ని ఈ విధంగా సవరిస్తున్నాము.

కలమజూలోని అదే విశ్వవిద్యాలయం తరఫున ఆడిన ఆయన, 1990ల దశకంలో మైనర్ లీగ్ అయిన ఇంటర్నేషనల్ హాకీ లీగ్‌లోని జట్టయిన కాన్సస్ సిటీ బ్లేడ్స్‌కు ఆడారు. ఉత్తర అమెరికా అగ్రశ్రేణి లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్ (నేషనల్ హాకీ లీగ్)లో మాత్రం ఆయన ఆటగాడిగా బరిలోకి దిగలేదు. 2010లో జెఫ్ బ్లాషిల్ ప్రధాన శిక్షకుడిగా ఉన్నప్పుడు సహాయకుడిగా సొంత విశ్వవిద్యాలయానికి చేరి, అనంతరం ఎన్‌హెచ్‌ఎల్ జట్టయిన డెట్రాయిట్ రెడ్ వింగ్స్‌లోనూ బ్లాషిల్ వద్దే పనిచేసి, 2019లో అప్పటి ప్రధాన శిక్షకుడు ఆండీ ముర్రే వద్ద సహ శిక్షకుడిగా కలమజూకు తిరిగి వచ్చి, 2021లో గానీ ప్రధాన బాధ్యత చేపట్టలేదు.

మా దృష్టిలో ఇది చిన్న తేడా కాదు. సహాయకుడిగా గడిపిన ఆ ఏళ్లను వదిలేస్తే, ఆటగాడు శిక్షకుడిగా ఎలా ఎదుగుతాడన్నది పాఠకులకు తప్పుగా అందుతుంది.

ఫలితాల వివరాల్లో మార్పు లేదు: సెమీఫైనల్‌లో డెన్వర్ విశ్వవిద్యాలయంపై రెండో అదనపు సమయంలో 3-2తో నెగ్గిన జట్టు, ఏప్రిల్ 12న సెయింట్ లూయిస్‌లో బోస్టన్ విశ్వవిద్యాలయాన్ని 6-2తో ఓడించి తొలి జాతీయ టైటిల్ సాధించింది.